అన్ని జబ్బుల చీటీ

ఆ రాజ్యంలో గొడ్డుకు జబ్బు చేస్తే జనం గ్రంథశాలకు పరిగెత్తేవాళ్లు. జబ్బు పేరు చెబితే, చీటీ మీద ఆ పేరున్న తాటాకుల కట్ట తీసిచ్చేవారు. ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య తాను రాసిన కట్ట చీటీ మీద లోకంలోని జబ్బులన్నీ రాసిపెట్టాడు. ఎవరేం అడిగినా ముందు అదే వచ్చేది. లోపల ఉన్నవి మాత్రం రాజుగారిని పొగిడే పద్యాలు.

గాలికుంటుకు మందు అడిగిన గొడ్లకాపరి గురవయ్యకూ అదే ఇచ్చారు. చివరాకు దాకా చదివించుకుని ఇంటికొచ్చేసరికి ఆవు చచ్చిపడి ఉంది.

గురవయ్య సభకెళ్లి మొరపెట్టుకున్నాడు.

"జబ్బుల పేర్లు రాసుకోవడం నేరమా ప్రభూ?" అన్నాడు పండితుడు.

"నేరమని నేననలేదు దొరా" అన్నాడు గురవయ్య. "ఇంత వైద్యం తెలిసినవారు ఊరికే ఉండటమే నా బాధ. చీటీ మీద ఏ జబ్బు రాస్తే ఆ జబ్బు గొడ్డు దగ్గర, అది లేచేదాకా రాసినవారే కూర్చోవాలని ఆజ్ఞ ఇప్పించండి."

పద్యాలు రాసినవాడికి గౌరవమే కదా అని రాజు సరేనన్నాడు.

మర్నాడు పండితుడి గుమ్మం ముందు నలభై ఊళ్ల గొడ్లు నిలబడ్డాయి. మధ్యాహ్నానికి పండితుడు జబ్బుల పేర్లన్నీ చెరిపేసి, చీటీ మీద 'రాజస్తుతి' అని ఒక్కటే రాసుకున్నాడు. మళ్లీ ఆ కట్టను అడిగినవాడు లేడు.

అడుగున పడి ఉన్న అసలు గాలికుంటు కట్ట అప్పుడు బయటికొచ్చింది. రెండే ఆకులు. అందులో చెప్పిన మొక్క గురవయ్య ఆవును కట్టేసిన గుంజ పక్కనే మొలిచి ఉంది.