ముద్రలు మూసిన సాయంత్రం

యూన్‌ఛాంగ్ గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సందేహం తెస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో పని పూర్తిచేసుకుని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. వాదించాలని వచ్చినవాళ్ళకి ఇది బొత్తిగా నచ్చేది కాదు.

చీనాలో ఒక రాజవంశం ఆఖరి రోజులవి. చక్రవర్తి రాజధానిలో ఉన్నాడు గానీ, ఆ చుట్టుపక్కల జిల్లాల్లో చెల్లేది మెంగ్ షావ్ అనే సేనాని మాటే. తన పాలనను పొగుడుతూ ఒక శిలాఫలకం చెక్కించమని ఆ సేనాని గురువుగారి మఠానికి కబురు పంపాడు. చేతిరాత బాగుంటుందని, చెక్కేముందు రాసిచ్చే పని జింగ్‌యాన్ అనే శిష్యుడి మీద పడింది. తిరుగుబాటుదారులు పల్లెలు తగలబెట్టిన ఏడు, జింగ్‌యాన్ తల్లి కోట తలుపు బయట చనిపోయింది. ఆ తలుపు మూయించినవాడు మెంగ్ షావే. శిష్యుడు కుంచె పక్కన పెట్టి గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"గురువుగారూ, ఈయన ఏ రోజున ప్రభువయ్యాడని రాయను?" అని అడిగాడు. "చక్రవర్తి బిరుదు పంపిన రోజు రాయమంటున్నారు ఆయన మనుషులు. మా అమ్మని బయట వదిలేసిన రోజు రాయాలని నాకుంది."

గురువుగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. బుట్ట ఖాళీ అయ్యాక ఈ సంగతి చెప్పారు.

ఆ కోటకి తువాన్ అనే ద్వారపాలకుడు ఉండేవాడు. పొద్దుగూకి డోలు మోగాక, జిల్లా అధికారి ముద్ర వేసిన చీటీ లేకుండా తలుపు తీస్తే అతని తల తీసేస్తారు. ఒకసారి కొత్త సంవత్సరం ముందు, డోలు మోగిన కాసేపటికి ఒక గాడిదబండి వచ్చి తలుపు బయట ఆగింది. అందులో నొప్పులు పడుతున్నది తువాన్ భార్యే. పుట్టింటి నుంచి వస్తుంటే దారిలో మొదలయ్యాయి. బయట మంచు కురుస్తోంది, మంత్రసాని కోట లోపల ఉంది.

తువాన్ అధికారి ఇంటికి పరుగెత్తాడు. అధికారి చెడ్డవాడేం కాదు, నిజంగానే బాధపడ్డాడు. కానీ పండగకి ముద్రలు పెట్టెలో పెట్టి మూసేయడం వాళ్ళ ఆచారం. మళ్ళీ తెరిచే ముహూర్తం వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. "పండగ వెళ్ళనీ నాయనా, మొదటి చీటీ నీకే రాసిస్తాను," అన్నాడు.

తువాన్ ఏడుస్తూ తిరిగొచ్చాడు. అప్పటికి మెంగ్ షావ్ గుప్పెడుమంది భటుల మీద నాయకుడు, అంతే. బురుజు మెట్ల మీద కూర్చుని పుచ్చగింజలు కొరుకుతున్నాడు.

"తలుపు తియ్యి," అన్నాడు. "ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

ఎవరూ అడగలేదు. తల్లీ బిడ్డా బతికారు. ముద్రలు తెరిచాక అధికారి కూడా, నెత్తిన భారం దిగిందనుకుని, మెంగ్ షావ్‌కి పట్టుగుడ్డ పంపించాడు. ఆ తర్వాత పొలం గట్టు తగాదా వచ్చినా, ఉప్పు బండి ఆగిపోయినా, జనం మెంగ్ షావ్ గుమ్మమే తొక్కారు. అక్కడ జవాబు అప్పటికప్పుడే దొరికేది. కచేరీలో గుమాస్తాలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. గుప్పెడుమంది భటులు వందలయ్యారు, వందలు వేలయ్యాయి. చివరికి రాజధాని నుంచి బిరుదు రావడమంటారా, అది కాపురం చేస్తున్నవాళ్ళకి పెళ్ళి చెయ్యడం లాంటిదే.

తిరుగుబాటు వచ్చిన ఏడు పల్లెల జనం కోటకి పరుగెత్తుకొచ్చారు. మెంగ్ షావ్ బురుజు దిగి వచ్చి, "తలుపు వెయ్యి," అన్నాడు.

"ఇంకా పొద్దుంది దొరా, డోలు మోగలేదు. బయట ఆడవాళ్ళున్నారు," అన్నాడు తువాన్.

"వెయ్యి. ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

తువాన్ చీటీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? తలుపు వేశాడు. ఆ సాయంత్రం నుంచి చచ్చేదాకా అతనికి అన్నం సహించలేదు.

కోపం ఎవరి మీద పెట్టుకోవాలో జింగ్‌యాన్‌కి తెలియలేదు. చివరికి, "అయితే మొదటిసారి తలుపు తియ్యకుండా ఉండాల్సిందంటారా?" అని అడిగాడు.

గురువుగారు ఈనెలు పోగుచేసుకుని లేచారు.

"ఆ మాట అనడానికి నాకు నోరు రాదు నాయనా. తువాన్ మా నాన్న," అన్నారు. "రోజు రాయాలనుంటే, నా పుట్టినరోజు రాయి."