అడ్డాకు దొప్ప చిల్లి

ఎండలకు వాగులన్నీ ఇంకిపోయిన ఏడాది అది. చెలమ ఎక్కడ మిగిలిందో, పులి ఏ పక్కకు దిగిందో తెలియాలంటే అడవిలో అందరికీ ఒకటే దారి, లోయలో నిలబడి పిలుపుల గుట్ట వైపు కేకేయడం. గుట్ట మీద పెద్ద బోలురాయి ఉంది. దాని ముందు కూర్చుంటే లోయలో కుందేలు గొణిగినా వినబడుతుంది. అక్కడ కూర్చుని జవాబులు చెప్పడమే గోరింక పైడమ్మ, రామచిలుక సన్యాసమ్మ, అడవిదున్న అప్పన్నల ఉద్యోగం. కూలి రోజుకిన్ని ఇప్పపూలు. గుట్ట ఎలుగుబంటి దొరది. ఆయన పున్నమికోసారి వచ్చి చూసిపోయి, మిగతా రోజులు కొండ అవతల గుహలో నిద్రపోతుంటే పెత్తనమంతా నక్క వరహాలు చేసేవాడు.

వరహాలు నియమాలు వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. పిలిచినవాడు చాలించేదాకా జవాబు చెప్పేవాళ్లు చాలించకూడదు. పొద్దుపోని కోతి ఒకటి రోజూ పిలిచి, చెలమ సంగతి అడిగి, ఆపైన తన అత్తగారి సంగతంతా చెప్పుకునేది. అదీ వినాలి, చివర్న "మీ పిలుపు మాకెంతో ముఖ్యం" అని కూడా అనాలి. నీళ్లు తాగడానికైనా, ఇంకే అవసరానికైనా విరామం ఒక్క దొప్ప. అడ్డాకు దొప్పకు అడుగున ముల్లుతో చిల్లి పొడిచి, నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీస్తారు. అవి కారిపోయేలోపు వచ్చి కూర్చోవాలి. లేదంటే సెలవుల్లో ఒక రోజు కోత.

సెలవులు దొర మంచి మనసుతో ఇచ్చినవే. ఏడాదికో పక్షం రోజులు పనిలోకి రాకపోయినా పూలు ఇస్తారు. కోసిన సెలవు తాలూకు పూలు ఎటు పోతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ పక్షం రోజుల మీదే పైడమ్మ ఆశంతా పెట్టుకుంది. గుట్ట పక్క ఇప్పచెట్టు తొర్రలో మూడు గుడ్లు పెట్టింది. మొగుడు ఉచ్చులో పడి పోయాడు. ఆమె పొదగకపోతే పొదిగే దిక్కు లేదు. పని మానేసి కూర్చుందామంటే ఆ కరువులో కింద గింజ లేదు. అందుకని వరహాలు దగ్గరికి వెళ్లింది.

"బాబూ, గుడ్లెట్టినాను. నా సెలవు నాకిప్పించండి."

"గుడ్లు పెట్టకముందే చెప్పాలి పైడమ్మా. అదీ నియమం."

"ఎప్పుడెడతానో నాకేటి తెలుస్తాది బాబూ?"

"తెలుసుకోవాలి. అయినా నీకు సెలవెక్కడ మిగిలింది? రోజూ ఆలస్యంగా వచ్చి నువ్వే పోగొట్టుకున్నావు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని కూడా ఉండదు."

పైడమ్మ తిరిగొచ్చి రాయి ముందు కూర్చుంది. ఆలస్యమవుతున్న మాట నిజమే. మొగుడు పోయాక తన రెక్కల్లో సత్తువ పోయిందనుకుంది. సన్యాసమ్మ తనకు చూపు మందగించిందనుకుంది. అప్పన్న సంగతి వింటే గుండె తరుక్కుపోతుంది. ఆలస్యమవుతానన్న భయంతో అంత పెద్ద దున్న పగలు నీళ్లు తాగడమే మానేశాడు. వయసైపోయింది, కాళ్లు లాగేస్తున్నాయి అని తనను తానే తిట్టుకునేవాడు.

మర్నాడు విరామంలో పైడమ్మ ఎగిరి వెళ్లి గుడ్ల మీద కూర్చుంది. తన తల్లి పాడిన లాలిపాట ఎత్తుకుంది. గూడు కట్టే రోజుల్లో ఆ పాట మొత్తం పాడుకుని, నీళ్లు తాగి వచ్చినా దొప్పలో ఇంకా నీళ్లుండేవి. ఆ రోజు రెండో చరణం దాటకుండానే సన్యాసమ్మ కేకేసింది, దొప్ప అయిపోవస్తోందని. వెచ్చబడీ వెచ్చబడని గుడ్లను వదిలేసి పైడమ్మ పరుగున వచ్చి రాయి ముందు వాలింది. వాలాక ఆలోచనలో పడింది. రెక్కలకు సత్తువ తగ్గుతుంది, సరే. పాట పొడుగవుతుందా?

తల ఎత్తి దొప్ప అడుగున చూసింది. మొదట్లో ఆ చిల్లి రేగుముల్లు పట్టేంత ఉండేది. ఇప్పుడు నక్క గోరు దూరేంత ఉంది. సెలవులు మింగుతున్నది ఎవరో ఆమెకు అర్థమైంది. కంచే చేను మేస్తోంది.

అప్పన్నకు చెప్పింది. ఆయన తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"అయితే నా కాళ్లు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత కొమ్ములు దించి లేచాడు.

పైడమ్మ అడ్డం వచ్చింది. "పొడిస్తే తప్పు మనదైపోద్ది మామా. రేపు దొరొస్తారు. ఊరుకో."

దొర వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, రొప్పుతూ వచ్చాడు. వరహాలు ఎదురెళ్లి దండాలు పెట్టి, పనివాళ్లు ఎంత బద్ధకస్తులో, తను ఎంత కట్టుదిట్టంగా సెలవులు కోస్తున్నాడో ఏకరువు పెట్టాడు. దొర తల ఊపాడు. ఆయనకు నచ్చింది కూడా.

అప్పుడు పైడమ్మ ముందుకొచ్చి వంగి చెప్పింది. "దొరా, వరహాలు బాబు దొప్ప బలే నిక్కచ్చి దొప్ప. మేవంటే సోమరోళ్లం. మీలాంటోరు చెలమకెళ్లి దాహం తీర్చుకునొస్తే, ఇంకా సగం నీళ్లుంటాయి. ఓపాలి సూడండి."

వరహాలు గబుక్కున అడ్డం వచ్చాడు. నీళ్లు ఇక్కడికే తెప్పిస్తానన్నాడు. ఎండ అన్నాడు. దొర వినలేదు. ఈ కొండ మీద తనంత వడిగా పరిగెత్తేవాడు లేడని ఆయనకు గొప్ప. దొప్ప నింపించి చెలమ వైపు పరుగు తీశాడు.

ఆయన చెలమ చేరకముందే దొప్ప ఖాళీ అయింది. తిరిగి వచ్చేసరికి కింద నేల కూడా ఆరిపోయింది. అప్పన్న రోజూ తను వినే మాటనే నెమ్మదిగా అన్నాడు. "ఆలస్యమైపోయింది దొరా."

దొర వరహాలు వైపు తిరిగాడు. "ఏరా, నేను సోమరినా? లేక ఈ దొప్ప దొంగదా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వరహాలు దొర గోళ్ల వంక చూశాడు.

"చిల్లి... చిల్లి కాస్త పెద్దదైంది దొరా," అన్నాడు.

తన నోటితోనే అన్నాడు. సన్యాసమ్మ కొమ్మ మీంచి వంగి చిల్లిని మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ తన చూపు బాగానే ఉందన్నమాట. వరహాలు బొరియ తవ్విస్తే ఇప్పపూలు గుట్టగా బయటపడ్డాయి. దొర కూడా కొయ్యబారిపోయాడు, తన గుట్ట మీద ఇంత జరిగిందా అని.

ఎవరి సెలవులు వాళ్లకొచ్చాయి. పెత్తనం అప్పన్నకిచ్చారు. రేగుముల్లుతో చిల్లి పొడిచిన కొత్త దొప్ప వెలిసింది. పాత దొప్పను మాత్రం దొర పారేయనివ్వలేదు. వరహాలును బోలురాయి ముందు కూర్చోబెట్టి, వాడి విరామం దాంతోనే కొలవమన్నాడు.

పైడమ్మ పక్షం రోజులూ గూట్లో కూర్చుని పాట మొత్తం పాడుకుంది. రెండు గుడ్లు పిల్లలయ్యాయి. మూడోది ఎంత పొదిగినా చల్లగానే ఉండిపోయింది. దాన్ని తిరిగివ్వడం ఏ దొర తరమూ కాలేదు. గూట్లోకి రోజూ గుట్ట మీది గొంతు ఒకటి వినబడేది. నాలుక పిడచగట్టిన నక్క గొంతు, కోతి అత్తగారి కథంతా విని, "మీ పిలుపు మాకెంతో ముఖ్యం" అనేది.

నీతి: కొలిచేవాడి దొప్పకు దొంగ చిల్లి ఉన్నన్నాళ్లూ, ఎంత పరిగెత్తినా పనివాడిది ఆలస్యమే.