కునుకు తీసిన కాపలా మామ

అనగనగా ఒక అడవిలో పులిని కూడా తరిమే రేచుకుక్కల మంద ఒకటి ఉండేది. ఆ మందలోనే ఉన్న చీలిచెవి మాత్రం ఈమధ్య ఉడతను కూడా తరమలేదు. పాపం, వయసు రాకుండానే ముసలివాడయ్యాడు. వెనక కాలొకటి పట్టేసింది. "నన్ను వేటకి తీసుకెళ్తే దుప్పి నవ్వి నవ్వి చావాలే తప్ప, నా వల్ల చావదు" అని తనమీద తనే జోకులేసుకునేవాడు.

అందుకని అతనికి కాపలా పని పడింది. అక్క కెంపి మందతో వేటకి వెళ్తే, బొరియ ముందు కూర్చుని అక్క పిల్లలు నలుగురినీ చూసుకోవాలి. ఒకడు తోక పీకేవాడు. ఒకడు చెవి కొరికి, "మావయ్యా, ఇది ఇంకా ఎంత చీలుతుంది?" అని అడిగేవాడు.

వేటనుంచి వచ్చినవాళ్ళు తిన్న మాంసాన్ని కక్కి పెట్టడం ఆ మంద ఆచారం. ముందు పిల్లలకి, ఆ తర్వాత కాపలావాడికి. చీలిచెవి వంతు వచ్చేసరికి మిగిలేది వాసనే.

ఒకరోజు ఆడ ఉడుము అటుగా వచ్చింది.

"ఏంటోయ్, కళ్ళు గుంటలు పడ్డాయి! నీ పిల్లలా?"

"కాదు, మా అక్క పిల్లలు."

"అయ్యో నీ రాత! నేనైతే ముప్పై గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్ళిపోతా. మళ్ళీ వాటి మొహం చూడను. ఎంత నిద్రో!"

రెండోరోజు ఆడకోయిల కొమ్మమీంచి నవ్వింది. "నేను మట్టి కూడా కప్పను మామా. కాకి గూట్లో పెట్టేసి వస్తా. మిగతాది కాకమ్మే చూసుకుంటుంది."

మూడోరోజు మగనెమలి వచ్చింది. "నా పని ఆడటం వరకే. పిల్లలెందరంటే నాకేం తెలుసు?"

"అడవంతా సుఖంగా ఉంది. నేనొక్కణ్ణే వెర్రివాణ్ణి" అనుకున్నాడు చీలిచెవి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పిల్లలు నిద్రపోయారు. వాగు పక్కన ఇసుక చల్లగా ఉంటుంది. "ఒక్క కునుకు. అంతే" అనుకుంటూ వెళ్ళి వాలాడు. ఎన్నాళ్ళ నిద్రో, ఒక్కసారిగా మీద పడింది.

అరుపులకి మెలకువ వచ్చింది. కుంటుతూ పరుగెత్తాడు. బొరియ దగ్గర రెండు నక్కలు! ఒకదాని మీద పడి కరిచాడు. ఈలోగా రెండోది అందరికంటే చిన్నవాణ్ణి నోట కరుచుకుని పొదల్లో దూరింది. ఎంత వెతికినా దొరకలేదు.

సాయంత్రం కెంపి వచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ వాసన చూసింది. ముగ్గురే. మళ్ళీ మొదటినుంచి చూసింది.

"నన్ను తరిమెయ్ అక్కా" అన్నాడు చీలిచెవి.

"తరిమేస్తే రేపు కాపలా ఎవరు?"

"ఉడుము పడుకుంటుంది. కోయిల పడుకుంటుంది. నాకెందుకక్కా ఈ పీడ?"

కెంపి నీరసంగా కూలబడింది. "ఉడుముకి ముప్పైలో ఇద్దరు మిగిలినా చాలురా. మనకి పుట్టేదే నలుగురు. అమ్మ ఒక్కర్తే వేటాడుతూ కాపలా కాయలేదు. మన జాతిలోనూ హాయిగా పడుకున్న మామలు ఉండే ఉంటారు తమ్ముడూ."

"ఏమయ్యారు వాళ్ళు?"

"వాళ్ళు బాగానే ఉండి ఉంటారు. వాళ్ళ మేనల్లుళ్ళే మిగల్లేదు. హాయిగా పడుకునే ఆ తీరు వాళ్ళతోనే పోయింది. మేలుకున్న మామలు కాచిన పిల్లలు పెరిగారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు. అలా పుట్టినవాళ్ళమే మనం. నిన్ను కూర్చోబెడుతున్నది నేను కాదురా. నీ ఒంట్లోనే ఉంది ఆ మెలకువ."

"మరి ఇవాళ ఏమైంది దానికి?"

"అలిసిపోయింది" అంది కెంపి.

తెల్లారింది. మంద వేటకి వెళ్ళింది. చీలిచెవి బొరియకి అడ్డంగా కూర్చున్నాడు. పెద్దపిల్ల వచ్చి అడిగింది.

"మావయ్యా, చిన్నోడు ఇంకా రాలేదేం?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నోరు రాలేదు.

"నేను నిద్రపోయానమ్మా" అన్నాడు.

ఆ పిల్ల లోపలికి పోకుండా, అతని పక్కనే చతికిలబడింది.

"నువ్వు కాసేపు పడుకో మావయ్యా. నక్క వస్తే నేను లేపుతాగా" అని పొదలకేసి చూస్తూ కూర్చుంది.

నీతి: ఎవరో అలిసిపోయి కాస్తేనే మనం ఇంతవాళ్ళమయ్యాం. పక్కవాళ్ళ సుఖం చూసి మన వంతు కాపలా వదలకూడదు. కాచేవాళ్ళని ఒంటరిగానూ వదలకూడదు.