ఉప్పు లేని పులిహోర

రాజుల కాలం నాటి మాట. వేణుగోపాలస్వామి గుడిలో పేరిందేవమ్మ నైవేద్యం వండేది. స్వామి ఆరగించే దాకా ఎవరూ రుచి చూడకూడదు గనక ఉప్పూ పులుపూ అన్నీ చేతి కొలతే. పాపం, అరవై దాటాక ఆ చేతికి మతిమరుపు తోడైంది. మడిచీర కట్టుకుని ఉండే, దాని కోసం ఇల్లంతా వెతికేది.

కొన్నాళ్ళుగా పులిహోర గంగాళంలో ఒక పక్క గుంట పడుతోంది. ధర్మకర్త అనంతభూపతి ఆమెను నలుగురిలో నిలబెట్టి, "చాటుమాటుగా తింటున్నది నువ్వే! రేపు మళ్ళీ గుంట కనబడితే నీకు ఉద్వాసనే," అని గద్దించాడు.

మర్నాడు గంగాళం గర్భగుడి ముందుకు వచ్చింది. మళ్ళీ గుంట!

"చూశారా ఈవిడ నిర్వాకం! దొంగతిండి చాలక, ఉప్పు వెయ్యడం కూడా మరిచింది," అన్నాడు ధర్మకర్త మీసం దువ్వుతూ.

పేరిందేవమ్మ కంగారుగా గంగాళంలోకి చూసింది. అంతలోనే తేరుకుని నెమ్మదిగా అడిగింది. "స్వామి ఇంకా ఆరగించలేదు కదా బాబుగారూ. ఉప్పు లేదని తమకెలా తెలిసింది?"

"అదీ... వాసనను బట్టి..."

"ఉప్పుకు వాసనేమిటండీ!" అని జనం గొల్లుమన్నారు. ఉద్వాసన మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

దొంగను పట్టడానికే ఉప్పు మానేసిందని, ఎంత గడుసుదోనని ఊరంతా మెచ్చుకుంది. ఆమె కాదనలేదు. అందరూ వెళ్ళాక మాత్రం స్వామి ముందు చెంపలు వేసుకుంది.

"తండ్రీ, నిజంగానే మరిచిపోయాను. మన మధ్యే ఉండనీ."

ఎంగిలైనది తీసేసి మళ్ళీ పులిహోర కలిపింది. ఈసారి జాగ్రత్తగా ఉప్పు వేసింది. వేశానో లేదోనని అనుమానమొచ్చి, మళ్ళీ వేసింది.