మంచం మీద సినిమాకి వెళ్ళిన గవరయ్య

తెలివి తమ ఇంట్లోనే పుట్టిందని గవరయ్య కుటుంబానికి గట్టి నమ్మకం. "ఎదుటివాడు ఏమంటే అది చెయ్యడమే తెలివి. సొంతంగా ఆలోచించేవాడు చెడిపోతాడు" అనేవాడు గవరయ్య. కొడుకులు సన్నాసి, ఎర్నాయుడు, పెద్దకోడలు పారమ్మ, ముగ్గురూ తలలూపేవాళ్ళు.

ఆ తెలివే కొంప ముంచింది. ఇంటి చూరు కప్పుతూ గవరయ్య జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టిన వైద్యుడు "నేను లే అనేదాకా మంచం దిగకు" అన్నాడు. అని, పాపం, ఆ నెలలోనే ఆయన పోయాడు. ఇంకేముంది! ఎముక అతికింది, కట్టు ఊడింది, గవరయ్య మాత్రం లేవడు. "వైద్యుడు లే అనలేదు కదా!"

పొలంలో నారు ముదిరిపోతోంది. అయ్య గట్టు మీద నిలబడి "నాటండ్రా" అంటే గానీ కొడుకులు మడిలో దిగరు. ఇంకో నాలుగు రోజులు పోతే ఏడాది తిండి గోవిందా. రెక్కలున్న మనిషి మూడు నెలలు మంచం మీద దొర్లుతుంటే ఎవరికైనా ఒళ్ళు మండదూ?

అలాంటప్పుడు టౌను నుంచి మైకు బండి వచ్చింది. "పడిపోయిన మనిషిని లేపి నిలబెట్టే విదేశీ సినిమా! రేపే విడుదల! ఈ సాయంత్రం మీకు ముందుగా, ఉచితంగా!"

"ఇన్నావా మావా? పడిపోయినోళ్ళని లేపుతాదంట!" అంది పారమ్మ.

అంతే. అన్నదమ్ములు మంచం ఎత్తుకున్నారు. గవరయ్య దాని మీద పెళ్ళికొడుకులా పడుకున్నాడు.

హాలు దగ్గర మేనేజరు కళ్ళు తేలేశాడు. "ఈ మంచమేమిటయ్యా?"

"ముందుగా చూపిస్తామన్నారు కదండీ" అంటూ సన్నాసి మంచాన్ని అందరికంటే ముందు, సరిగ్గా తెర కింద వేయించాడు.

"తప్పుకోండయ్యా, బొమ్మ పడే టైమయింది!"

"ఓలమ్మో! అయ్య మీద పడితే రెండో కాలు కూడా పోతాది!" అన్నాడు ఎర్నాయుడు.

ఇంకేముంది! అన్నదమ్ములు మంచం మీది దుప్పటి చెరో పక్కా పట్టుకుని తెరకి అడ్డంగా నిలబడ్డారు. బొమ్మ పడింది. మంచుకొండ సగం తెర మీద, సగం దుప్పటి మీద. వెనకనించి ఈలలు, తిట్లు.

"పట్టేశాం!" అని అరిచాడు ఎర్నాయుడు. "ఏటన్నా, బరువే లేదు?"

"విదేశీ సరుకురా. తేలిగ్గానే ఉంటాది."

మేనేజరు పరుగెత్తుకొచ్చి దుప్పటి లాక్కున్నాడు. "కూర్చుని చూడండి! భాష అర్థం కాకపోతే కింద తెలుగు అక్షరాలు వస్తాయి, అవి చదువుకోండి!"

అంతే. ముగ్గురూ మంచం కిందికి దూరారు.

"దొరికాయా?" అన్నాడు గవరయ్య పైనుంచి.

"పల్లీ తొక్కలు, ఒక తెగిన చెప్పు. అక్షరాలు లేవయ్యా. ఎవరో ముందే ఏరుకుపోయారు."

ఆ సంగతి మేనేజరుకి చెబుదామని పారమ్మ తల బయటపెట్టింది. అక్షరాలు తెర అడుగున కనబడ్డాయి. ఆరో తరగతి చదివిన మనిషి, ఊరుకుంటుందా?

తెర మీద కొండ ఎక్కే పిల్ల మంచులో పడిపోయి ఉంది. ముసలి డాక్టరు వంగి ఏదో అన్నాడు. పారమ్మ కూడబలుక్కుని గట్టిగా చదివింది. "డా... క్ట... ర్ని... చెబు... తున్నా. లే!"

మంచం కిర్రుమంది. గవరయ్య దిగాడు. కింది నుంచి బయటికొచ్చిన కొడుకుల భుజాలు దొరకబుచ్చుకున్నాడు, నిలబడ్డాడు. "అనేశాడ్రా! డాక్టరు లే అనేశాడు! పొద్దున్నే నాట్లు!"

హాలంతా ముందు నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. పారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి బయల్దేరారు. గవరయ్య ఎవరో ఇచ్చిన కర్ర పొడుచుకుంటూ ముందు, కొడుకులు ఖాళీ మంచంతో వెనక. ఊరి మొదట్లో భుజం మార్చుకుందామని మంచం దించారు. దాని వంక చూసి సన్నాసి గొల్లుమన్నాడు.

"అయ్య లేడు! దారిలో ఎక్కడో పడిపోయాడు!"

"మెల్లగా మొయ్యండని చెప్తానే ఉన్నాను, ఇన్నారా?" అని పారమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ ఏడుపు విని గవరయ్య గబగబా వెనక్కి వచ్చాడు. మంచం తల వైపు తడిమాడు, కాళ్ళ వైపు తడిమాడు. ఎవరూ లేరు. ముఖం పాలిపోయింది.

"ఏడుస్తూ నిలబడతారేంట్రా? పదండి, నేనూ వెతుకుతాను" అని కర్ర అందుకుని అందరికంటే ముందు నడిచాడు. "నేను దొరక్కపోతే, పొద్దున గట్టు మీద నిలబడి 'నాటండ్రా' అని ఎవరంటారు?"