ఉలవచేలో తూనీగ పరుగు

రండర్రా, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. చాప అంచు మీద కాదు, మధ్యలోకి. కేశవా, చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకో, దానికి నేల చల్లగా తగులుతుంది. మీ అమ్మలింకా పొయ్యి దగ్గరే ఉన్నారు. అన్నం ఉడికేలోగా ఒక కథ అయిపోతుంది. నేను చెప్తుంటే మీరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగా రెండు గుట్టల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో తిప్పన్న అని ఒక ముసలి వేటగాడు. కొడుకు ఏనాడో జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో మిగిలింది తనూ, కోడలు ఈరమ్మా, ఆరు వేటకుక్కలూ. కుందేళ్ళు చేలల్లో పడి పైరు కొరికేస్తుంటే ఆ కుక్కలే తరిమి పట్టేవి. అందుకని ఊరివాళ్ళు ఇంటికింతని గింజలు ఇచ్చేవాళ్ళు. ఆ కుక్కలుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అర్థమైందా?

ఆ దేశానికో రాజు. ఆయనకు ఓడ వర్తకులు ఒక బుల్లి కుక్కను కానుకగా ఇచ్చారు. మూతి సన్నం, నడుము సన్నం, కాళ్ళు మునక్కాడలంత సన్నం. తోలు ఎంత పలుచనంటే, ఎండకు ఎదురుగా నిలబెడితే చెవిలో నరాలు కనిపించేవట. పేరు తూనీగ. అది పట్టుపరుపు మీద పడుకునేది, పళ్ళెంలో పాలన్నం తినేది. ఒకనాడు విందుకొచ్చిన పొరుగు రాజు దాన్ని చూసి, "ఇది కుక్కా, ముంగిసా?" అని నవ్వాడు. రాజుగారికి ఎక్కడో గుచ్చుకుంది. కుక్కంటే కుక్కే, కుందేలును పట్టి తీరుతుంది, పంటలు ఇంటికొచ్చాక మొదటి వేటకు వచ్చి నీ కళ్ళతో నువ్వే చూడు అన్నాడు.

అని, తూనీగను తిప్పన్న ఇంటికి పంపించాడు. నెల రోజుల్లో దీనికి వేట నేర్పాలి, కుందేలు చిక్కకపోతే నీ ఆరు కుక్కల్నీ మా భటులు తోలుకుపోతారు, మళ్ళీ నీ గడపలో కుక్క కనిపించకూడదు అని కబురు.

ఊ కొడుతున్నారా? ఆ.

తిప్పన్న దాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. "ఈరమ్మా, దీన్ని గాలికి ఎగిరిపోకుండా గుంజకు కట్టాలేమో" అన్నాడు. ఈరమ్మ నవ్వలేదు. దాని వణుకే చూస్తూ నిలబడింది.

ఆ ఇంట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. వేటకు ముందురోజు కుక్కకు కూడు పెట్టరు. ఆకలి మీదున్న కుక్కే కసిగా తరుముతుందని వాళ్ళ నమ్మకం. తిప్పన్న ఆరింటితోపాటు తూనీగనూ పస్తు పెట్టాడు. తెల్లారి మంచులో గుట్ట కిందికి తోలుకెళ్ళాడు. పొదలోంచి కుందేలు లేచింది. తూనీగ లేచింది చూడండీ! ఆరు కుక్కలూ దాని వెనక దుమ్ము తిన్నాయి. అరవై ఏళ్ళ వేటలో అంత పరుగు చూడలేదని తిప్పన్న చేతికర్ర పారేసి చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు ఆగకముందే కుందేలు రేగుకంపలో దూరింది. తూనీగా దూరింది. లోపల్నుంచి ఒక్క కేక. ఊరి కుక్కల తోలుకు ముల్లు గీరుకుంటుంది అంతే, దాని తోలు మాత్రం పాత చీరలా చిరిగింది. బయటికి వచ్చి నాలుగడుగులు వేసి, అక్కడే పడిపోయింది. కళ్ళు తేలేసింది.

ఈరమ్మ దాన్ని కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. పసుపు అద్దింది. పాలు కలిపిన రాగిజావ వేలితో నాకించింది. తిప్పన్న గుమ్మంలో నిలబడి, పస్తు పెడితే మా తాత కుక్కలేవీ ఇలా పడిపోలేదే అని గొణిగాడు.

"మామా, మన కుక్కలు రెండు రోజుల తిండి ఒంట్లో దాచుకుంటాయి. దీనికి దాచుకునే చోటేదీ?" అంది ఈరమ్మ.

తిప్పన్న గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఆ పూట అన్నమూ తినలేదు. తోలు పలుచన గనక కింద కొవ్వు లేదు, కొవ్వు లేదు గనక చలికి ఆగదు, చలికి ఆగదు గనక వణుకు, వణికితే ఆకలి, ఆకలేస్తే నీరసం, నీరసమొస్తే పడిపోవడం. ఇదంతా ఆయనకు ఆ రాత్రి తెలిసింది. తెలిసేసరికి ఒక ప్రాణం మీదికి వచ్చింది.

పుండు మానింది. ఈరమ్మ దాన్ని రోజూ పరిగెత్తించి చూసింది. రెండు వందల అడుగుల దాకా గాలిలా పోతుంది. ఆ తర్వాత ఆయాసం. మెత్తని నేలైతే గాలి, రాయి తగిలితే కుంటు. మరి అంత మెత్తని నేలెక్కడ? జొన్నచేను కోస్తే కొయ్యకాళ్ళు మిగులుతాయి, పాదాల్లో దిగుతాయి. ఉలవనైతే కొయ్యరు, వేళ్ళతో సహా పీకేస్తారు. నేల నున్నగా అరచెయ్యిలా ఉంటుంది. వేట ఉలవచేలోనే అంది ఈరమ్మ.

ఏమే శారదా, నిద్రా? ఇప్పుడే అసలైంది.

వేటరోజు వచ్చింది. ఇద్దరు రాజులూ చేనిగట్టు మీద కూర్చున్నారు. ఈరమ్మ ఆచారం పక్కన పెట్టి, ముందురోజు తూనీగకు కడుపునిండా పెట్టి, పొద్దున గొంగడి కప్పి తెచ్చింది. ఆరు కుక్కలూ పొదల్లోంచి కుందేలును చేలోకి తరిమాయి. ఈరమ్మ గొంగడి తీసింది.

తూనీగ వెళ్ళింది. ఒకసారి కుందేలుకు అడ్డం తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి నోటికి అందింది, బొచ్చు పట్టుకుంది కూడా. కానీ కుందేలేమో దాని బరువులో సగం పైనే ఉంది. తన్ని, విదిలించుకుని, గుట్టకేసి లంఘించింది. తూనీగ వెంటపడింది. ముందు కుందేలు, వెనక తూనీగ, ఎదురుగా రాళ్ళూ రేగుకంపా.

తిప్పన్న ఒక్కసారి "ఉస్కో" అంటే చాలు, అది ముళ్ళలోకి దూకుతుంది. దూకితే దొరకనూవచ్చు. దొరికితే ఆరు కుక్కలూ ఇంట్లోనే ఉంటాయి. ఆయన తన ఆరు కుక్కలకేసి చూశాడు. తూనీగ పక్కటెముకల మీద ముల్లు చీరిన మచ్చకేసి చూశాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గట్టిగా ఈల వేశాడు. తూనీగ ఆగి, వెనక్కి తిరిగింది. కుందేలు గుట్టెక్కి పోయింది.

రాజుగారు ఎర్రబడిన మొహంతో లేచాడు. ఎవడు పిలవమన్నాడురా నిన్ను అన్నాడు.

తిప్పన్న చేతులు కట్టుకుని, పస్తు పెట్టిన సంగతీ, ముళ్ళ సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. "దీనికి పరుగుంది దొరా. రోజంతా గుట్టల్లో తిరిగే వేటకు పరుగొక్కటే చాలదు. అప్పుడు తెలియక చేశాను. తెలిసి చెయ్యలేను. నా కుక్కల్ని తోలుకుపోండి."

ఈరమ్మ తూనీగను తెచ్చి రాజుగారి ఒళ్ళో పెట్టింది. "ఎముకల కింద చెయ్యి పెట్టి చూడండి దొరా" అంది.

రెండేళ్ళుగా ఆయన కుక్కే. నౌకర్లు ఎత్తుకునేవాళ్ళు, నౌకర్లు తినిపించేవాళ్ళు. ఆయన చెయ్యి అక్కడ పడడం అదే మొదలు. గుప్పిట్లో చిక్కిన పిచ్చుకలా దాని గుండె కొట్టుకుంటోంది. ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు. మెల్లగా తన ఉత్తరీయం తీసి దానికి చుట్టాడు.

పొరుగు రాజు, "కుందేలు పోయిందే!" అని నవ్వాడు.

"పోయింది. నా కుక్క మిగిలింది" అన్నాడు రాజుగారు.

తిప్పన్న కుక్కలు తిప్పన్నవే అన్నాడు. గుట్టల వేట వాటికే తగింది అన్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో వేటకు ముందు ప్రతి కుక్కకూ ఒక ముద్ద పెట్టడం మొదలైంది. ఏటేటా ఉలవ పీకగానే రాజుగారే తూనీగను తెచ్చి చేలో వదిలేవాడు. తరమడానికి ఏమీ లేకుండానే అది సంతోషంగా నాలుగు చుట్లు తిరిగి, వచ్చి ఆయన ఒళ్ళో పడుకునేది.

కుందేలా కేశవా? అది గుట్ట మీద పిల్లాపాపలతో ఉంది, దాని బెంగ నీకొద్దు.

చూశారా, ఒకరు బాగా పరిగెత్తుతున్నారని ముళ్ళలోకి తోలెయ్యకూడదు. ఎంత దూరం పరిగెత్తగలరో, ఏ నేల మీద పరిగెత్తగలరో ముందు కనుక్కోవాలి. తప్పు చేశామని తెలిసిన రోజున, నష్టమైనా సరే, ఈల వేసి వెనక్కి పిలవాలి.

ఇక కథ తన దారిన కంచికి బయల్దేరింది. మీరూ లేవండి. అదుగో, శారద వాళ్ళమ్మ పిలుస్తోంది. ఎవరింటికి వాళ్ళు వెళ్ళి, వేడివేడిగా అన్నం తినండి.