మందకు ముందు నడిచిన సిఫా

అనగనగా అంటే మన ఊళ్ళో కాదు పిల్లలూ, ఎక్కడో ఆఫ్రికా గడ్డిమైదానాల్లో, జంతువులకు కూడా చదువుల పిచ్చి పట్టిన రోజుల్లో. అక్కడ ఒక మడుగు పక్కన గొప్ప విద్యాపీఠం ఉండేది.

సిఫా అనే జీబ్రా పిల్ల అందులో చేరింది. వాళ్ళ మందలో పై చదువుకు వెళ్ళిన మొదటి పిల్ల అదే. దాని వీపు మీద పెండో అనే చిన్న పిట్ట ఉండేది. సిఫా ఒంటికి పట్టిన గోమార్లు ఏరుకు తినడం, కబుర్లు చెప్పడం పిట్ట పని. వినడం సిఫా పని.

విద్యాపీఠంలో రోజంతా కూర్చునే చదువు. ఫలహారశాల నడిపే నీటిగుర్రం చెరుకు ముక్కలు, బెల్లం ఉండలు కూర్చున్న చోటికే పంపేది. పాఠం కష్టంగా ఉంటే ఒక ఉండ, తేలిగ్గా ఉంటే రెండు. సిఫా బాగా ఒళ్ళు చేసింది.

ఒకనాడు పెండో అంది: "సిఫా, నువ్వు ఊరికే నిలబడ్డా నీ గుండె దడదడలాడుతోంది. వీపు మీద ఉన్నదాన్ని, నాకు వినబడుతుంది."

"అది చదువు బరువులే," అని సిఫా నవ్వేసింది.

సెలవులకు ఇంటికి వెళితే మందంతా మురిసిపోయింది. ఆ మందలో ఒక నమ్మకం ఉంది. పొట్ట ఎంత పెరిగితే చదువు అంత ఒంటబట్టినట్టు! మందకు పెద్ద అయిన అమ్మమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది.

"నా బంగారు తల్లే, ఎంత చదివేశావే. వానలు పడ్డాక నది దాటేటప్పుడు మందకు ముందు నువ్వే నడవాలి."

ముందు నడవడమంటే మాటలు కాదు. నదిలో ముందున్నది ఆగితే వెనకున్నవన్నీ ఆగాలి. అలా ఆగిన వాటి కోసమే మొసళ్ళు కాచుకుని ఉంటాయి.

"నా వల్ల కాదని చెప్పు. లేదా ఇవాళే నడక మొదలుపెట్టు," అని పెండో రెండోసారి చెప్పింది.

"పిడికెడు లేవు, నాకు నీతులా?" అని సిఫా తోక విసిరింది. పిట్ట చిన్నబుచ్చుకుని ఎగిరిపోయింది.

విద్యాపీఠానికి తిరిగొచ్చాక వీపు బోసిగా అనిపించింది. పెండో దగ్గర్లోని ఒక గుట్ట మీది తుమ్మచెట్టుపై ఉందని తెలిసి, బతిమాలుకుందామని సిఫా బయలుదేరింది. సగం ఎక్కేసరికి కాళ్ళు వణికాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. రొప్పుతూ కూలబడింది. ఇదే నది మధ్యలో జరిగితే? వెనక వచ్చే పసిపిల్లలు గుర్తొచ్చి సిఫాకు ఏడుపొచ్చింది.

పెండో దిగి వచ్చింది. "ముచ్చటగా మూడోసారి చెబుతున్నా, వింటావా?"

"వింటాను. ఏం చెయ్యమంటావు?"

"నేను చెట్టు మీంచి చెట్టుకు ఎగురుతాను. నువ్వు పాఠం వల్లె వేస్తూ నా వెనక రా. బెల్లం ఉండలు పండుగ రోజుకు దాచుకో."

మొదట్లో సిఫా ఆపసోపాలు పడింది. చెరుకు వాసనకు ఒకటి రెండుసార్లు దారి కూడా తప్పింది. అయినా పట్టు వదల్లేదు. దాన్ని చూసి జిరాఫీ, అడవిపందీ వచ్చి కలిశాయి. బెల్లం ఉండలు అడిగేవాళ్ళు తగ్గేసరికి నీటిగుర్రం కూడా మూతి ముడుచుకుని పుచ్చకాయలు వడ్డించడం మొదలుపెట్టింది.

వానలు పడ్డాయి. సిఫా ఇంటికి రాగానే అమ్మమ్మ లబోదిబోమంది. "పొట్ట ఏదే? చదువంతా ఏట్లో కలిపావా? నువ్వు ముందు నడవడానికి వీల్లేదు."

"అమ్మమ్మా, ఆ పొట్టతో నేను చిన్న గుట్ట కూడా ఎక్కలేకపోయాను. ఈ ఒక్కసారి నన్ను నమ్ము."

అమ్మమ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

నది ఉరకలు వేస్తోంది. సిఫా దూకింది, వెనకే మంద దూకింది. సరిగ్గా నడిమధ్యలో ఒక పసిది కొట్టుకుపోబోయింది. సిఫా దాన్ని భుజంతో నెట్టుకుంటూ, ఎక్కడా ఆగకుండా ఈదింది. మందంతా క్షేమంగా ఒడ్డెక్కింది. మొసళ్ళు ఆ రోజు పస్తున్నాయి.

అమ్మమ్మ ఒళ్ళు దులుపుకుని, పసిదాన్ని నాకి, అందరూ వినేలా చెప్పింది: "ఇకమీదట సెలవులకొచ్చిన పిల్లల పొట్ట ఎవరూ చూడొద్దు. పరుగెత్తించి చూడండి."

అందుకే పిల్లలూ, పెరిగిన పొట్ట గొప్పతనానికి గుర్తు కాదు. ఎంత చదివినా, ఒంటిని కాపాడుకున్నవారే నలుగురినీ ఒడ్డు చేర్చగలరు.